చీటీ లేని మలుగు

నా తమ్ముడి దవడ ఎముక నేనే విరిచాను. అది ఒక చేప దగ్గర మొదలైంది.

ఆ చేప నా అరచేయి దాటదు. నడి సముద్రంలో, వెలుతురు చొరని లోతుల్లో తిరిగే చిన్న నల్ల మలుగు. మూతి సూదిలా ముందుకు సాగి ఉంటుంది. వెనక, బాణానికి కట్టిన ఈకల్లా రెండు రెక్కలు. మా దగ్గరికి వచ్చేసరికి వల రాపిడికి సగం తోలు ఊడిపోయింది. భవానీపూర్‌లో చేపల నమూనాలు దాచే ఆఫీసులో నేను అటెండర్ని. తమ్ముణ్ణి అక్కడ తాత్కాలిక పనిలో పెట్టించిందీ నేనే. ఆ ఏడాది వాణ్ణి పర్మినెంటు చేస్తామన్నారు.

స్పిరిట్ నింపిన సీసాలో చేపతో పాటు ఒక చీటీ వేస్తాం. చేప ఎక్కడ, ఎంత లోతున దొరికిందో రిజిస్టరులో వెతకడానికి దాని మీది నంబరే ఆధారం. పెన్సిల్‌తోనే రాయాలి. పెన్ను రాత స్పిరిట్‌లో కరిగిపోతుంది. తమ్ముడికి ఈ సంగతి నేర్పింది నేను. కానీ నా దస్తూరీ అంటే నాకు మహా గర్వం. "దాదా రాస్తే పెళ్లి కార్డే!" అని ఆఫీసులో ఆటపట్టించేవాళ్లు. పెన్సిల్ గీత నీరసంగా కనిపిస్తుందని, ఆ మలుగు వచ్చిన రోజు ఆరు చీటీలు బాల్‌పెన్నుతో రాశాను.

వానాకాలం వెళ్లాక మా ఆఫీసరు మేడమ్ మలుగు సీసాను వెలుతురుకేసి పట్టుకున్నారు. స్పిరిట్ లేత నీలంగా ఉంది. చీటీ ఖాళీ. మిగతా అయిదూ అంతే. "ఎటా కే లిఖేఛే?" అన్నారు. ఎవరు రాశారని. అంత లోతు నుంచి ఈడ్చుకొచ్చి చంపిన ప్రాణి ఇక దేనికీ పనికిరాదు.

తమ్ముడు రాశాడన్నాను. వాడు సెలవులో ఉన్నాడు. రేపు తీసుకురమ్మన్నారు.

సాయంత్రం హౌరాలో మా ఇంట్లో విషయం చెబితే వేళాకోళమనుకున్నాడు.

"నానెక్కడ రాసినాను? నువ్వు రాసి నా మీదేసేత్తావేటి?"

"ఒప్పేసుకోరా. కొత్తోడివి, ఒగ్గేత్తారు."

"తీసేత్తేనో? నా పెళ్లాం కడుపుతో ఉంది. నానే సెప్తాను మేడానికి, మా అన్నకి పెళ్లి కార్డుల పిచ్చని."

అమ్మ నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఒళ్లు తెలియలేదు. తలుపుకు అడ్డం పెట్టే కర్ర తీసి వాడి ముఖం మీద కొట్టాను. ఏదో విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అయినా ఆగలేదు. కింద పడ్డవాణ్ణి డొక్కల్లో తన్నాను. "నానే రాసినానని సెప్పు" అంటూ మాటకో దెబ్బ. అడ్డొచ్చిన అమ్మను గోడకేసి తోశాను. నెత్తుటితో పాటు ఒక పన్ను చాప మీద పడింది. వాడి భార్య పరుగున వచ్చి వాడి మీద పడితే ఆగాను. జాలితో కాదు. కడుపుతో ఉన్న మనిషికి దెబ్బ తగిలితే నలుగురూ నన్నేమంటారోనని.

మర్నాడు వాడు ముఖానికి కట్టుతో వచ్చాడు. నోరు తెరవలేడు. మేడమ్ అడిగితే తనే రాసినట్టు తల ఊపాడు. ముఖానికేమైందంటే మెట్లు చూపించాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ వారమే వాణ్ణి తీసేశారు.

ఎనిమిదేళ్లయింది. పోయిన నెల మేడమ్‌కి నిజం రాసి ఇచ్చాను. చదివి, "ఇప్పుడెందుకు?" అన్నారు. అటునుంచి అటే హౌరా స్టేషన్‌కి వెళ్లాను. తమ్ముడు అక్కడ టోటో, అదే బ్యాటరీ రిక్షా, నడుపుతున్నాడు. మేడమ్‌కి రాసిచ్చిన సంగతి చెప్పాను. "కొట్టరా నన్ను," అన్నాను.

వాడు గుడ్డతో బండి సీటు తుడిచాడు.

"నాను కొడితే నీకు తేలికైపోద్ది," అన్నాడు. "నాకేటొత్తాది?"

ఇద్దరు ఆడవాళ్లు సామాన్లతో బండెక్కారు. వాడు హ్యాండిల్ తిప్పుతూ, "అడ్డు లెగు," అన్నాడు.

తప్పుకున్నాను.