రంగనాయకులు తువ్వాలు మీద నీళ్ల చుక్క

రేపల్లెలో మా వీధివాళ్లంతా తీగ మీద బట్టలు ఆరేసుకునేవాళ్లు. రంగనాయకులు బాబాయ్ మాత్రం రోగాలు ఆరేసేవాడు. ఆయన పొలాలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్ల మెకానిక్. ఎవరు పిలిచినా ముందు పానా తీయడు. భుజమ్మీది తెల్ల తువ్వాలు తీసి పొగగొట్టం ముందు పట్టి, పడిన మరకను బట్టి జబ్బు చెబుతాడు. నల్లగా పడితే డీజిల్ ఎక్కువై గాలి చాలట్లేదని. జిడ్డుగా పడితే రింగులరిగి ఇంజనాయిల్ కాలుతోందని. తడి తగిలితే ఇంజన్ మూత కింద బిగించే రేకు, అదే హెడ్డు గ్యాస్కెట్, పోయి, ఇంజన్ని చల్లబరిచే నీళ్లు లోపలికి కారుతున్నాయని. ఆ తువ్వాళ్లు ఉతకడానికి వీల్లేదు. రైతు వచ్చి అడిగితే సాక్ష్యం చూపించాలట.

"డాక్టర్లు ఎక్స్‌రేలు బీరువాలో దాచుకుంటారు. మా ఆయన వాకిట్లో వేలాడదీస్తారు" అనేది కనకదుర్గ పిన్ని.

నేనేమో ఇంటర్ రెండుసార్లు తప్పి, తెనాలిలో రోడ్డు పక్కన కొన్న పాత కెమిస్ట్రీ పుస్తకంతో నాకు నేనే మాస్టారినైనవాణ్ణి. ఓసారి పిన్ని కాటుక భరిణెలో వేలు ముంచి బాబాయ్ తువ్వాలుకు పూశాను. ఆయన అది చూసి, దుక్కలా ఉన్న ఇంజనుకి డీజిల్ తగ్గించి తగ్గించి, అది నీరసించి ఆగిపోయేదాకా వైద్యం చేశాడు. సంగతి తెలిశాక నెల రోజులు నాతో మాట్లాడలేదు.

ఎనభై తొమ్మిది జనవరిలో, బాపట్లలో ఒక కాలేజీ ల్యాబుకి ఇంజన్ల మెకానిక్ కావాలని ప్రకటన వేశారు. పర్మనెంటు ఉద్యోగం. సైకిలు మీద ఊరూరా తిరిగి బాబాయ్ మోకాళ్లు అరిగిపోయాయి, వయసు పరిమితి ఆ ఏడాదితో సరి. ఇప్పుడు తప్పితే ఇంకెప్పుడూ లేదు. అందుకే రైల్లో తెనాలి దాకా, అక్కడ బండి మారి బాపట్ల దాకా నేను పాఠం చెబుతూనే ఉన్నాను.

"బాబాయ్, డీజిలంటే కార్బనూ హైడ్రోజనూ కలిసిన సరుకు. కాలితే కార్బనేమో కార్బన్ డయాక్సైడవుద్ది. హైడ్రోజన్ గాల్లో ఆక్సిజన్‌తో కలిసి నీళ్లవుద్ది."

"ఏంటీ, నీళ్లా?"

"లీటరు డీజిల్ కాలిస్తే దగ్గర దగ్గర లీటరు నీళ్లు."

"ఒరేయ్, కాటుక అయిపోయి ఇప్పుడు నీళ్ల మీదకొచ్చావా? అన్ని నీళ్లొస్తే ఇంక కాలవెందుకురా? పొగగొట్టమే చేలో పెట్టుకుంటే పోలా!"

పెట్టెలో జనం చుండూరు దాటేదాకా నవ్వారు.

ఇంటర్వ్యూ చేసింది లెక్చరర్ జనార్దనరావుగారు. నేను ల్యాబు కిటికీ బయట నిలబడ్డాను.

"డీజిల్ పూర్తిగా కాలితే ఏమేం వస్తాయయ్యా?"

"కార్బన్ డయాక్సైడండి."

"ఇంకా?"

బాబాయ్ కిటికీలోంచి నావైపు చూసి పళ్లు బిగించాడు. "ఇంకేం రాదండి."

నా జన్మలో ఆయనకు చెప్పిన ఒకే ఒక్క నిజం అలా గాలికి పోయింది. జనార్దనరావుగారు విసుగ్గా బోర్డు మీద సమీకరణం రాసి, చివర్లో నీళ్ల కింద రెండు గీతలు గీశారు. "సర్లే, ఇంజను చూసి చెప్పు" అన్నారు.

చలి పొద్దు. ఇంజను మంచులా ఉంది. బాబాయ్ హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసి తువ్వాలు పట్టాడు. టప్పున నీళ్ల చుక్కలు పడ్డాయి.

"హెడ్డు గ్యాస్కెట్ పోయిందండి."

జనార్దనరావుగారు తువ్వాలు తడిమి, వాసన కూడా చూశారు. "పోయింది. నేను నెల్నుంచీ అనుకుంటూనే ఉన్నా!"

హెడ్డు విప్పారు. గ్యాస్కెట్ నిన్న కొన్నట్టుంది. ఇద్దరూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. నేనుండబట్టలేక, "సార్, మీరు బోర్డు మీద రాసిన నీళ్లేనేమోనండి అవి. ఆవిరి చల్లటి గొట్టానికి తగిలి చుక్కలైనట్టుంది" అన్నాను.

జనార్దనరావుగారు బోర్డు వంక చూశారు. తర్వాత నా వంక చూసిన చూపులో మెచ్చుకోలేమీ లేదు.

బాబాయ్ మాత్రం స్టూలు మీద కూలబడ్డాడు. "ఏటా చలికాలం పొద్దున్నే తడి చూసి గ్యాస్కెట్లు మార్చేవాణ్ణండి. బిగించేసరికి మిట్టమధ్యాహ్నం. గొట్టం ఎండకి కాలిపోతుండేది, తడి కనపడేది కాదు. నా చేతి చలవే అనుకున్నా. ఈ ఉద్యోగానికి నేను తగనండి."

"నువ్వు ఒప్పేసుకుంటే నేనూ ఒప్పుకోవాలి కదయ్యా! ముందు హెడ్డు బిగించు."

గంటలోపే బిగించాడు. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. జనార్దనరావుగారు తలుపు దగ్గరికేసి గొంతు తగ్గించారు. "సమీకరణాలు నేను చూసుకుంటా, ఇంజన్లు నువ్వు చూసుకో. ఇవాళ జరిగింది మాత్రం..."

"ఎవరికీ చెప్పనండి."

"నువ్వు కాదు. ఆ కిటికీలో వాడు."

ఉద్యోగం వచ్చింది. కానీ ఇన్నేళ్లూ ఉత్తపుణ్యానికి మార్చిన ఆ గ్యాస్కెట్లు బాబాయిని కుదురుగా ఉండనివ్వలేదు. మొదటి ఆదివారమే నన్ను వెంటేసుకుని పాత రైతు యలమంద చేలోకి వెళ్లాడు. అక్కడా పొద్దున్నే గొట్టం నుంచి చుక్కలు.

"యలమందా, అది జబ్బు కాదు. డీజిల్ కాలి పుట్టిన నీళ్లు."

"బాపట్లలో ఉద్యోగమొచ్చేసరికి మాతో యేళాకోళమా అన్నా?"

బాబాయ్ సాక్ష్యం కోసం నావైపు తిరిగాడు. "నిజమే మామా" అన్నాను.

నా మాట వినగానే యలమందకి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. సంచీలోంచి కొత్త గ్యాస్కెట్ తీసి బాబాయ్ చేతిలో పెట్టాడు. "ఈడి మాటలు నాకాడ కాదు. ముందిది మార్చు."

బాబాయ్ మార్చాడు. మిట్టమధ్యాహ్నానికి తడి లేదు. యలమంద పొడి తువ్వాలు ఎత్తి నా మొహమ్మీద ఊపాడు.

"చూశావట్రా? అదీ చేతి చలవంటే!"