బోర్లించిన గిన్నె

నా చిన్నప్పుడు నెలలో ఒక ఆదివారం వస్తోందంటే మా అమ్మ ముఖం వాడిపోయేది. బ్రిస్బేన్‌లో సన్నీబ్యాంక్ చుట్టుపక్కల ఉండే నాలుగైదు తెలుగు కుటుంబాలవాళ్ళం నెలకోసారి ఎవరో ఒకరింట్లో భోజనానికి కలిసేవాళ్ళం. మొదట్లో పప్పు, ఒక కూర, పెరుగుతో సరిపోయేదట. తర్వాత ఎవరో గారెలు వేశారు. పై నెలవాళ్ళు గారెలతో పాటు బొబ్బట్లు కూడా చేశారు. ఇక అక్కణ్ణుంచి మొదలైంది పీడ. నాకు ఊహ తెలిసేనాటికి బల్ల మీద పద్నాలుగు రకాలుండేవి. వాటి వెనక నిలబడలేక నిలబడ్డ ఆంటీ మాత్రం, "ఏమీ చేయలేదండీ, ఏదో సింపుల్‌గా" అనేది. తింటున్నవాళ్ళు "అబ్బే, ఇంత శ్రమ ఎందుకండీ" అంటూనే, తమ వంతుకి పదిహేనో రకం ఏం చేయాలా అని ఆలోచిస్తూ ఉండేవాళ్ళు.

ఒక ఏడు మా వంతు వచ్చిన ఆదివారానికి మర్నాడే అమ్మకి నర్సు పరీక్ష పడింది. ఇండియాలో నర్సుగా చేసిన మనిషి, ఇక్కడ ఆ పరీక్ష గట్టెక్కక ఏజ్డ్ కేర్ అనే ముసలివాళ్ళ ఆశ్రమంలో రాత్రి డ్యూటీలు చేస్తుండేది. అప్పటికే ఒకసారి తప్పింది. ఈసారి కూడా తప్పితే మళ్ళీ రాసే ఓపిక లేదని తనే అనేది. అలాంటిది పుస్తకం పక్కన పెట్టి, కాజాలు చేయాలా మైసూరుపాక్ చేయాలా అని మథనపడుతోంది. పోనీ వంతు మార్చుకోమని నాన్న అంటే, "ఏమనుకుంటారో" అంది. రెండు కూరలతో సరిపెట్టమంటే, "అందరూ అన్ని చేస్తుంటే మనమొక్కళ్ళమే ఎలా?" అంది. ఇంత తెలివైన మనిషికి ఇంత చిన్న విషయం ఎందుకు తట్టదో నాకు అర్థమయ్యేది కాదు. ఇన్నేళ్ళకీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మమ్మల్ని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన మా అమ్మమ్మ ఇదంతా చూస్తోంది. నాలుగు నెలలుండి వెళ్ళిపోయే ముసలావిడ, ఎవరితోనూ చెప్పదు అన్న ధైర్యంతో ఆంటీలందరూ ఆవిడ దగ్గర మనసు విప్పేవాళ్ళు. ఒకావిడ వంటింట్లో, ఇంకొకావిడ కారులో, మరొకావిడ గుడి మెట్ల మీద. అందరిదీ ఒకటే మాట. చచ్చిపోతున్నామండీ, కానీ మిగతావాళ్ళకి సరదా కదా, నేనొక్కదాన్నే వద్దంటే బాగుండదు. అమ్మమ్మ అవన్నీ విని, ఇంటికొచ్చి, చీర కొంగుతో ముఖం తుడుచుకుని, "మీ అమ్మావాళ్ళు చదువుకున్నది దేనికే?" అని నన్నడిగేది. నేనేం చెప్తాను? "ఐ డోంట్ నో, అమ్మమ్మా" అనేదాన్ని.

మా వంతుకి ముందు నెల భోజనం పక్క వీధి ఆంటీ ఇంట్లో. ఆవిడ చేతికి నూనె చింది కట్టు కట్టుకుని ఉంది. అయినా సింపుల్ అనే అంది. భోజనాలయ్యాక, వెనక పెరట్లో చాపలేసి అందరం కూర్చున్నప్పుడు, అమ్మమ్మ తన సంచిలోంచి చింతగింజలు తీసింది. ఇండియన్ షాపులో కొన్న చింతపండులో తగిలినవల్లా కడిగి దాచిపెట్టేది, నాతో అష్టాచెమ్మా ఆడటానికి. ఒక ఆట ఆడదామంటూ ఆంటీలకి తలా ఒక గింజ ఇచ్చింది. అంకుల్ ఒకాయన చెయ్యి చాపితే, "వండనివాళ్ళకి లేదు బాబూ" అంది.

తర్వాత ఒక లోతు గిన్నె తెప్పించి, చప్పుడు కాకుండా అడుగున తువ్వాలు పరిచి, పైన ఇంకో గుడ్డ కప్పింది. "ఇన్నిన్ని రకాలు ఇలాగే సాగాలనుకునేవాళ్ళు గింజ లోపల వదలండి. చాలనుకునేవాళ్ళు పిడికిట్లోనే ఉంచుకోండి. ఎవరైనా సరే, చెయ్యి మూసుకునే బయటికి తీయాలి. ఎవరేం చేశారో నాకూ తెలియదు, మీకూ తెలియదు" అంది.

ఆంటీలు నవ్వుతూనే మొదలుపెట్టారు, కానీ గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరి నవ్వూ తగ్గిపోయింది. అమ్మ వంతు వచ్చినప్పుడు నాకు భయమేసింది. మిగతావాళ్ళంతా గింజలు వేసేసి ఉంటే, మా అమ్మ పుస్తకం మూసేసి పొయ్యి దగ్గరే తెల్లారుస్తుంది. అమ్మ చెయ్యి గుడ్డ కింద చాలాసేపు ఉంది.

అమ్మమ్మ గుడ్డ తీసి, అందరి ముందూ గిన్నె బోర్లించింది. తువ్వాలు పడింది. దాన్ని పట్టుకుని దులిపింది. ఒక్క గింజా రాలలేదు.

అప్పుడు కట్టు కట్టుకున్న ఆంటీ పిడికిలి విప్పి, తన గింజని చూసుకుంటూ, "అయితే నేనెవరి కోసం చేశానండీ ఇదంతా?" అంది. అంటూనే ఏడ్చేసింది. అంకుల్స్‌లో ఒకాయన, మేమెప్పుడు అడిగామండీ అన్నాడు. నిజమే, అడగలేదు. వద్దనీ అనలేదు.

పై నెల మా ఇంట్లో ముద్దపప్పు, ఆవకాయ, అప్పడాలు, మజ్జిగ. పప్పు కూడా అమ్మమ్మే వండింది. అమ్మ గదిలో తలుపేసుకుని చదువుకుంది, ఒక్కసారి బయటికొచ్చి అందరితో కలిసి తిని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. పరీక్ష పాసైంది, రిటైరయ్యేదాకా నర్సుగానే చేసింది.

ఇప్పుడు నేను కాన్‌బెర్రాలో, హారిసన్‌లో ఉంటున్నాను. నన్నూ ఆంటీ అనేవాళ్ళు బోలెడుమంది. మా అమ్మాయి యూనివర్సిటీలో సైకాలజీ చదువుతోంది. అమ్మమ్మ కథ చెబితే, దీనికి పెద్ద పేరే ఉందమ్మా అని ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఉంటే ఉండనీ. పేరు పెట్టినంత మాత్రాన రోగం తగ్గిందా? మా వీధిలో ఇప్పుడు పిల్లల పుట్టినరోజులకి రిటర్న్ గిఫ్ట్‌ల పోటీ నడుస్తోంది. పోయిన వారం పుట్టినరోజుకి వెళ్ళినవాళ్ళ పిల్లల చేతుల్లో పెట్టిన డబ్బా, వాళ్ళు తెచ్చిన బహుమతికంటే పెద్దది. ఒక్కొక్క తల్లీ నా దగ్గరికి విడిగా వచ్చి వాపోతోంది. వాట్సాప్ గ్రూపులో మాత్రం అందరూ "యాజ్ యూ ఆల్ విష్" అని పెట్టి, రెండు చేతులూ జోడించిన బొమ్మ పెడుతున్నారు.

ప్రాణం విసిగిపోతుంది. ఎవరో ఒకరు అడగాలని అందరికీ తెలుసు. ఆ ఎవరో ఒకరు ప్రతిసారీ నేనే ఎందుకవ్వాలి అని అమ్మమ్మ మీద కూడా కోపమొస్తుంది. సణుక్కుంటూనే వంటింట్లోకి వెళ్ళి, లోతు గిన్నె ఎక్కడుందో వెతుక్కుంటాను.