కుడి చెవి పైన బాణం గుర్తు

మొన్న మంగళవారం పొద్దున మా ఆసుపత్రిలో మెదడు ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరుగారు పోయారు. తోటి సిస్టర్లంతా ఏడ్చారు. నేను ఏడవలేదు. ఆయనలో ఉన్న మంచి చెబుతాను, మిగతాదీ చెబుతాను.

చిత్తూరు పక్క పల్లెలో పుట్టి, తిరుపతిలో డాక్టరీ చదివి, మెదడు, వెన్నుపూస ఆపరేషన్లు మద్రాసులో నేర్చుకుని తిరిగి ఇక్కడికే, తిరుపతికే వచ్చారు. హైవే మీద, ఘాట్ రోడ్డులో తలలు పగిలినవాళ్లను ఎందరినో బతికించారు. చెయ్యి బంగారం, నోరు నిప్పు. టీ చల్లారిందని గ్లాసు గోడకేసి కొట్టిన మనిషి.

ఆపరేషన్ చేసే పక్క మాత్రమే జుట్టు తీయించడం ఆయన అలవాటు. మాకు అదే గుర్తు. ఒకరోజు తిరుమలలో తలనీలాలిచ్చి నాయుడుపేటకు వెళ్తూ బైకు మీంచి పడ్డ మనిషిని తెచ్చారు. తలంతా నున్నటి గుండు. డాక్టరుగారు వస్తూనే ఎడమపక్క కత్తి పెట్టబోయారు. కత్తి అందించింది నేనే.

"సార్, కుడిపక్క గదా?" అన్నాను.

స్కాన్ చూసి కుడికి మారారు. ఆ మనిషి బతికాడు. బయటికొచ్చాక అందరి ముందూ నా మీద విరుచుకుపడ్డారు.

"డాక్టరు నువ్వా, నేనా? రేపట్నించి థియేటర్లో కనపడినావంటే సూడు!"

ఆ సాయంత్రమే నన్ను వార్డుకు మార్చారు. పొగరుబోతునని పేరొచ్చింది. వారం తిరక్కుండా కొత్త నియమం వచ్చింది: ఏ పక్కో రోగినే అడగాలి, చెవి పైన బాణం గుర్తు గీయాలి. "ఇది నా పద్ధతి" అని మీటింగులో చెప్పుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

పోయిన వారం ఆయనే బాత్రూములో జారిపడి, తలలో రక్తం గడ్డకట్టి మా వార్డుకొచ్చారు. గుర్తు పెట్టడానికి చిన్న సిస్టర్ వెళ్తే తిప్పి పంపారు. "ఆయమ్మిని పిల్సండి. ఆమే పెట్టాల."

"ఏ పక్క సార్?"

"నీకు తెల్దా?"

"మీరే చెప్పాల. మీ పద్ధతే గదా."

కుడిపక్క చూపించి, మెల్లగా అన్నారు: "ఆ పొద్దు గుండాయనకి గూడా కుడే."

బాణం గీసి వచ్చేశాను. పది మందిలో తిట్టిన మనిషి, ఒప్పుకున్నది నా ఒక్కదాని దగ్గర. అది క్షమాపణేనని మా వాళ్లంటారు. నేననను.

ఆపరేషన్ బాగానే జరిగింది, తర్వాత నిమ్ము చేసి పోయారు. శరీరాన్ని శుభ్రం చేసే పని నాకే పడింది. కుడి చెవి పైన నా బాణం సగం చెరిగి ఇంకా ఉంది.

"అదేందమ్మా, తుడిసెయ్యి" అన్నారు ఆయన భార్య.

స్పిరిట్ దూది నా చేతిలోనే ఉంది. ముఖమంతా తుడిచాను, చేతులు తుడిచాను. అది మాత్రం తుడవలేదు.