సత్తు గిన్నె మీద సి. గున్నమ్మ

రాజాం మెయిన్ రోడ్డులో పాత్రల కొట్టు జగన్నాధం అంటే తెలియనివాళ్ళు లేరు. పాత గిన్నెలు తీసుకుని కొత్త స్టీలు ఇస్తాడు. కొన్నవాటి మీద చిన్న మిషను పెట్టి టకటకా పేర్లు కొట్టిస్తాడు. నలభై ఏళ్ళుగా అదే పని. అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు, కానీ ఆయనకో పిచ్చి ఉంది. పాత సామాన్లలో పెద్ద యుద్ధం నాటి మిలట్రీ సరుకు కనబడిందంటే దాన్ని కరిగించడానికి పోనివ్వడు. గుడ్డ తొడుగున్న నీళ్ళ సీసాలు, ఇనప టోపీలు, కాళ్ళకు చుట్టుకునే పట్టీలు, గడ్డం గీసుకునే డబ్బాలు... బర్మా వెళ్ళొచ్చినవాళ్ళ మనవలు అటకలు దులిపి తెచ్చి పడేసినవన్నీ కొట్టు వెనక గదిలో బీరువాలకెక్కాయి. "కందకి లేని దురద కత్తిపీటకేటండి?" అని భార్య పద్మకుమారి ఆ గది ఊడ్చినప్పుడల్లా దెప్పుతుంది. సొంతవాళ్ళకే అక్కర్లేని సామాను ఈయనకెందుకని ఆవిడ బాధ. న్యాయమే మరి.

ఆ గది మొత్తంలో ఆయన ప్రాణం తీసింది ఒక్కటే. సిపాయిలు తిండి తినే పలకల సత్తు గిన్నె. తెచ్చినవాడికి అది చచ్చిపోయిన తాత బర్మా నుంచి తెచ్చాడని తప్ప ఎవరిదో తెలియదు. పిడి మడతపడుతుంది. అడుగున ఇంగ్లీషులో ఒక నంబరు, దాలయ్య అని పేరు. మూత మీద మాత్రం ఎవరో మేకుతో చుక్కలు చుక్కలుగా తెలుగులో కొట్టారు, "సి. గున్నమ్మ" అని. దాలయ్య సిపాయి, గున్నమ్మ పెళ్ళాం, సి. ఇంటిపేరు అని తేల్చేశాడు జగన్నాధం. ఆ తెలివితో ఏడేళ్ళు తిరిగాడండీ బాబూ! సిమ్మ వాళ్ళని అడిగాడు, సిరిపురం వాళ్ళని అడిగాడు. ఊరికో దాలయ్య, వీధికో గున్నమ్మ దొరికే చోట ఒక్క జంట కూడా కుదరలేదు. కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ గిన్నె చూపించడం, వాళ్ళు తల అడ్డంగా ఊపడం మామూలైపోయింది.

మొన్న మంగళవారం పొద్దున్నే ఒక ముసలమ్మ భావనపాడు నుంచి మూడు బస్సులు మారి వచ్చింది. ఎనభై రెండేళ్ళుంటాయి. చేపల గంపలు మోసిన మెడ ఇంకా నిటారుగానే ఉంది.

"మా మనవరాలు అనూరాద ఇక్కడ కాలేజీలో సదువుతాది బాబూ. గిన్నె కొనడానికొత్తే నువ్వే ఏదో మిలట్రీ గిన్నె సూపించినావట. మా అయ్య మైలపల్లి దాలయ్య. నాను గున్నమ్మని."

పాలిథిన్ కవరులోంచి తండ్రి పేరు మీద తల్లికొచ్చిన మిలట్రీ పింఛను కాయితం తీసింది. జగన్నాధం కళ్ళజోడు సవరించుకుని అందులోని సిపాయి నంబరుని గిన్నె అడుగుతో ఒక్కొక్క అంకే పోల్చాడు. అంతా కలిసింది! ఏడేళ్ళ కష్టం ఫలించిందని ఎగిరి గంతేయబోయి, మళ్ళీ కూలబడ్డాడు.

"మీ అమ్మ పేరేటి పెద్దమ్మా?"

"అసిరమ్మ."

"మరి గున్నమ్మ?"

"నానే. మా నాయినమ్మా గున్నమ్మే. ఆవిడ పేరే నాకెట్టినారు."

"అయితే ఈ సి. ఏటి?"

"నాకేటి తెలుసు బాబూ, సదువా సందెయా?"

జగన్నాధానికి బుర్ర గిర్రున తిరిగింది. ముసలమ్మ స్టూలు మీద కూర్చుని అసలు సంగతి చెప్పింది.

"మా అయ్య నౌపడ ఉప్పు మళ్ళలో పనిసేసీవోడు. అక్కడ గుమస్తా కాడ నాలుగచ్చరాలు నేర్సినాడు. యుద్దానికెల్లిపోయినాక నాను పుట్టినాను. ఆడపిల్ల పుట్టినాది, గున్నమ్మని పేరెట్టినామని మాయమ్మ ఉత్తరం రాయించినాది. జవాబు రానేదు. అయ్య కనబడ్డం నేదని మిలట్రీ కాయితమొచ్చినాది. ఆడపిల్లని తెలిసి మీ అయ్య మనసిరిగిపోనాడు, అందుకే రాయనేదని మా మేనత్త పెల్లిల్లలో, సావుల్లో, పదిమందిలో ఎత్తిపొడిసీది. నాకు గిన్నొద్దు బాబూ. ఈ గున్నమ్మ నానా, మా నాయినమ్మా? అదొక్కటి సెప్పు."

జగన్నాధం మూత అటూ ఇటూ తిప్పి చూశాడు. "దేశం కాని దేశంలో తల్లే గుర్తొస్తాది కదా, మీ నాయనమ్మే అయ్యుంటాది" అన్నాడు. అని, మళ్ళీ తనే తికమకపడ్డాడు. తల్లయినా కూతురయినా మైలపల్లి గున్నమ్మే కదా, మధ్యలో ఈ సి. ఎక్కడ దాపురించింది? "లేపోతే రంగూన్లో ఇంకో గున్నమ్మెవరైనా..." అనేసి నాలిక కరుచుకున్నాడు. వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదు మనవాడికి! ముసలమ్మ మొహం మాడిపోయింది.

"పోన్లే బాబూ" అని లేచింది. ఇంత దూరం వచ్చి ఉత్త చేతుల్తో ఎలా వెళ్ళడమని ఒక చిన్న స్టీలు గ్లాసు ఏరుకుంది. "మా మునిమనవరాలికి అన్నప్రాసన. పేరు కొట్టియ్యి. సి. దేవి అని."

జగన్నాధం మిషను అందుకున్నాడు. బుర్ర నిండా ఆ సి.యే ఉందేమో, "సి. అంటే ఏ ఇంటిపేరు పెద్దమ్మా?" అన్నాడు.

"ఇంటిపేరేటిరా బాబూ! సంటిపిల్ల కదేటి, సిరంజీవి! మీ రాజామోల్లు సిన్నపిల్లలకి ఉత్తపేరు కొట్టేత్తారేటి?"

మిషను ఆగిపోయింది. పెళ్ళి పాత్రల మీద ఎన్ని వేల చి.లు కొట్టాడో ఆయన! జనం సి. అంటే తనే చి. అని దిద్ది మరీ కొట్టాడు. దాలయ్యకి దిద్దేవాళ్ళెవరున్నారు? నోటికి ఎలా వస్తే అలాగే కొట్టుకున్నాడు. మోకాలికీ బోడిగుండుకీ ముడేసి ఏడేళ్ళు ఊళ్ళు తిరిగాను కదరా అని తలమీద ఠపీమని మొట్టుకున్నాడు జగన్నాధం.

"పెద్దమ్మా, కన్నతల్లి పేరు ముందు ఎవరైనా చిరంజీవి అని రాస్తారా?"

"సీ సీ! పెద్దోల్లకి అలగెవుడు రాత్తాడు?"

ఆయన మూత తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "మీ అమ్మ ఉత్తరం అందింది పెద్దమ్మా. ఇది నీ పేరే. సిరంజీవి గున్నమ్మ."

ముసలమ్మకి ముందు అర్థం కాలేదు. "ఏదీ, సి. ఏదీ?" అని అడిగింది. జగన్నాధం ఆవిడ వేలు పట్టుకుని ఆ చుక్కల మీద పెట్టాడు. వేలు ఒక్కొక్క చుక్కనీ తడుముకుంటూ పేరు చివరిదాకా వెళ్ళింది.

పుట్టిన దగ్గర్నుంచి ఎవరినీ అయ్యా అని పిలిచి ఎరగని మనిషి ఆవిడ. మూతని రెండు చేతులా మొహానికి ఆనించుకుని, నడిబజారని కూడా చూడకుండా, "అయ్యా! బతికే ఉన్నానయ్యా!" అని ఘొల్లుమంది.