అక్క చూడనన్న కాలు

ఆ వీధివారు ఆమెను కాళ్ళ డాక్టరమ్మ అంటారు. తాను డాక్టరును కాననీ, ఫిజియోథెరపిస్టుననీ ఆమె ఇరవయ్యారేళ్ళుగా దిద్దుతూనే ఉన్నది; వారు అలాగే పిలుస్తూ ఉన్నారు. దర్జీ దుకాణం పైన రెండు గదులు ఆమె వైద్యశాల. ముందు గదిలో నాలుగు కుర్చీలు, గోడకు కండరాల పటం. లోపలి గదిలో ఎత్తైన బల్ల, రబ్బరు పట్టీలు, ఇసుక సంచులు, ఎక్కి దిగడానికి ఒక చెక్కమెట్టు. కింద కుట్టుమిషన్లు నడుస్తున్నంతసేపూ ఆ మెట్టు సన్నగా వణుకుతూ ఉంటుంది.

వచ్చేవారిలో సగం మంది పరుగుల వారే. నడకకని బయలుదేరి, పక్కవాడు పరుగెత్తడం చూసి తామూ పరుగందుకొని, నెల తిరగకుండానే కుంటుతూ ఆ మెట్లెక్కేవారు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్లుంటుందని ఒకరు, మెట్లు దిగేటప్పుడు మోకాటి చిప్ప కింద కలుక్కుమంటుందని ఒకరు. ఎవరేమి చెప్పినా ‘‘నొప్పి’’ అన్న ఒక్క మాటతో ఆమె తృప్తిపడేది కాదు.

‘‘నొప్పని అందరూ అంటారు. దాంతో నాకేం తెలుస్తుంది? సలుపా, పోటా, గుంజుతోందా, మండుతోందా?’’

‘‘అన్నీనండీ’’ అన్నాడొకసారి ఒక బస్సు కండక్టరు.

‘‘అన్నీ ఒక్క కాలికేనా? రెండోదానికేమైనా మిగిల్చారా?’’

కండక్టరు నవ్వి, కాస్త ఆలోచించి, సలుపన్నాడు. ఎక్కడో చూపమంటే మోకాటి కింద ముందెముక లోపలి అంచు పొడవునా అరచేత్తో రాశాడు. ఆమెకు కావలసింది ఆ సైగే. అరచేయి పరిచి చూపితే ఎముకను కండ అంటిపెట్టుకున్నచోట రాపిడి. వేలు మోపి ‘‘ఇదిగో, ఇక్కడే’’ అంటే ఎముకలోనే చీలిక మొదలైందేమోనని అనుమానం. మొదటిదానికి పరుగు తగ్గించి పిక్కను బలపరిస్తే చాలును. రెండవదానికి స్కాన్ తీయించి సంగతి తేలేదాకా ఒక్క అడుగైనా పరుగెత్తనివ్వరాదు. పని నేర్చుకోవడానికి వచ్చిన వారందరికీ మొదటి వారంలోనే ఆమె ఈ భేదం చెప్పేది. దానిని తారుమారు చేసింది కూడ ఆమే, తన తమ్ముడి విషయంలో.

అది ఎలా జరిగిందో తెలియాలంటే వారి చిన్నతనం కొంత చెప్పాలి. తల్లి కీళ్ళవాతంతో తొమ్మిదేళ్ళు మంచాన ఉన్నది. ఆ ఇంట్లో నొప్పి అన్న మాట తల్లిది. పిల్లల నోట అది వినబడితే ఆవిడ తన బాధ మరచి లేవబోయేది. లేవలేక కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అందుచేత ఎవరూ చెప్పకుండానే అక్కాతమ్ములిద్దరూ ఆ మాట మానుకున్నారు. పన్ను సలిపినా, మోకాలు చెక్కుకుపోయినా, కడుపులో తిప్పినా ‘‘పట్టింది’’ అనేవారు. మెడ పట్టింది, నడుము పట్టింది అని లోకమంతా అనుకునే మాటే గనుక తల్లి పట్టించుకునేది కాదు. ఐదేళ్ళ తమ్ముడు ఒకనాడు గోడ మీదనుంచి పడి, గుమ్మంలో నిలబడి, ‘‘అక్కా, చెయ్యి పట్టింది’’ అన్నాడు. పన్నెండేళ్ళ అక్క ఆ చేయి వేలాడుతున్న తీరు చూసి, తల్లికి వినబడకుండా చెప్పులు తొడుక్కొని, వాణ్ణి చంకనెత్తుకొని ఆసుపత్రికి నడిచింది. ఎముక విరిగిందన్నారు. ఆ వయసులో ఆమెకు ఆ మాట వెనక చూడడం తెలుసును.

తమ్ముడు పెరిగి పెద్దవాడై, ఒక ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దే ఉద్యోగంలో కుదురుకున్నాడు. నలభై దాటినా అక్కకు చిన్నోడే. పొద్దంతా అచ్చు కాగితాల మీద వంగి కూర్చునే మనిషి. పొట్ట పెరిగిందని భార్య వేళాకోళం చేయగా పరుగు మొదలుపెట్టాడు. మొదట కిలోమీటరుకే రొప్పేవాడు కాస్తా ఆరు నెలలలో ఐదు అవలీలగా పరుగెత్తసాగాడు. ఆఫీసులో వాళ్ళు ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు. ఆ పేరు అతడికి ఎక్కడలేని హుషారూ తెచ్చింది. ఇరవయ్యొక్క కిలోమీటర్ల పందేనికి పేరు ఇచ్చి, వారానికి పదిహేను పరుగెత్తేవాడు ఒక్క నెలలో ముప్పయ్యైదుకు పెంచాడు. ఎముక కొత్త బరువుకు తగ్గట్టు తనను తాను గట్టిపరచుకోవడానికి వారాలు పడుతుంది. కండ తొందరగా అలవాటుపడి మనిషిని మోసగిస్తుంది. ఇది అక్క రోజూ పదిమందికి చెప్పే పాఠమే. తమ్ముడు పరుగు పెంచిన లెక్క మాత్రం ఆమె అడగలేదు.

పందేనికి మూడు వారాలున్నాయనగా, ఒక ఆదివారం మధ్యాహ్నం అతడు భార్యతో అక్కగారింటికి వచ్చాడు. భోజనాలయ్యాక, వంటింట్లో గిన్నెలు తోముతున్న అక్క పక్కన స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

‘‘అక్కా, కాలు పట్టిందే.’’

‘‘పట్టదూ మరి? ఈ వయసులో గుర్రంలా ఉరికితే.’’

‘‘చెప్పండి వదినా, మీరైనా చెప్పండి’’ అన్నది మరదలు. ‘‘సందు చివరికెళ్ళి పెరుగు ప్యాకెట్ తెమ్మంటే కాళ్ళు లాగుతాయంటారు. పరుగంటే మాత్రం కోడి కూయకముందే లేస్తారు.’’

ముగ్గురూ నవ్వుకున్నారు. అక్క తడిచేతులు చీరకు తుడుచుకొని, అతడి కాలు తన ఒళ్ళో పెట్టుకొని పిక్క పిసికి చూసింది. పిక్క నిజంగానే రాయిలా బిగిసి ఉన్నది. ఏ రకం బాధో అడగలేదు, ఎక్కడో చూపమనలేదు, కాలు తిప్పి ముందెముక మీద బొటనవేలు వేయలేదు. పట్టింది అన్నాడు, పట్టిన పిక్క చేతికి తగిలింది, అంతటితో సరిపోయింది. గోడకు చేతులానించి పిక్క సాగదీయడం, మెట్టు అంచున నిలబడి మడమలెత్తి దించడం నేర్పింది.

‘‘పరుగెత్తచ్చా మరి?’’

‘‘కాస్త తగ్గించి పరుగెత్తు. ఏం కాదులే.’’

పది రోజుల తరువాత ఫోను చేసి, ఇంకా పడుతూనే ఉన్నదన్నాడు. అప్పుడామె బల్ల మీద ఒక ముసలాయన తుంటి వంచుతూ ఉన్నది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకొని, ‘‘మడమలు ఎత్తుతున్నావా? ఇంకో పది పెంచు’’ అని పెట్టేసింది. చీలిక పట్టిన ఎముక మీద ఆ వ్యాయామం మరింత బరువు మోపుతుందని ఏ శిష్యుడిని అడిగినా చెప్పి ఉండేవాడు.

పందెంలో పద్నాలుగో కిలోమీటరు దగ్గర అతడు రోడ్డు మధ్యన కూలబడ్డాడు. ఆసుపత్రిలో ఎక్స్‌రే పలకను వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూసింది అక్క. ముందెముకకు అడ్డంగా నల్లటి గీత, సగం దాటి పోయింది. అదృష్టవశాత్తు రెండు ముక్కలు కాలేదు. ఎముకల డాక్టరు ఎక్కడని అడుగగా తమ్ముడు చూపుడువేలు తిన్నగా ఆ చోటనే మోపాడు. నెల రోజులుగా తెలిసిన చోటు మీదికి వెళ్ళినట్లు వెళ్ళింది ఆ వేలు.

వరండాలోకి వచ్చాక మరదలు కొంగు నోటికడ్డం పెట్టుకొని అన్నది: ‘‘పడుకున్నా కూడ పోటు పొడుస్తోందనేవారు వదినా. మీతో చెప్పారనుకున్నాను.’’

‘‘చెప్పాడమ్మా’’ అన్నది ఆమె. భార్యకు పోటన్నాడు. తనకు, చిన్నప్పటి అలవాటు కొద్దీ, ఆ పాత మాటే చెప్పాడు. తాను అర్థం చేసుకుంటుందని నమ్మాడు.

ఇంతవరకు జరిగింది పొరపాటు. ఎవరికైనా జరగవచ్చును. ఆమె నేటికీ తలచుకొని కుమిలేది దాని తరువాత చేసిన పనికి.

ఆరు వారాలు కాలు నేల మోపకూడదని, ఆపైన ఫిజియోథెరపీ మొదలుపెట్టాలని డాక్టరు చెప్పి పంపాడు. ఇల్లు చేరిన నాటి సాయంకాలం తమ్ముడు దిండ్లకు ఆనుకొని, ‘‘ఏం డాక్టరమ్మా, నా ఫైలు ఎప్పుడు తెరుస్తున్నావు?’’ అన్నాడు.

‘‘నేను చూడనురా.’’

‘‘అదేమిటి?’’

‘‘మనవాళ్ళను మనం చూసుకోకూడదు. చూసుకుంటే ఏమయిందో చూశావుగా. నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి ఉంది, వంతెన అవతల సొంతంగా పెట్టుకుంది. నాకన్న బాగా చూస్తుంది.’’

‘‘నాకు ఇంకొకరు ఎందుకక్కా? తప్పు నాది కూడ. నేనైనా సరిగా చెప్పొద్దూ? నువ్వే చూడు.’’

‘‘వద్దంటే వినవేం? పరాయివాళ్ళయితే నిన్ను నాలుగు ప్రశ్నలు అడుగుతారు.’’

అతడు కాసేపు దుప్పటి అంచు మడతపెట్టి, విప్పి, ‘‘సరే అక్కా’’ అన్నాడు.

వృత్తిధర్మం ప్రకారం తాను చేసిందే సరైనదని ఆనాడు ఆమె తనకు తాను నచ్చజెప్పుకున్నది. ఎదుటివారికి చెబితే కాదనేవారు కూడ ఎవరూ లేరు. కాని ఆ మాటల అడుగున ఉన్నది ధర్మం కాదని ఆమెకు ఇప్పుడు తెలుసు. ఆ కాలు మళ్ళీ ముట్టుకోవాలంటే భయం. రోజూ ఎదురుగా కూర్చుని ఆ గీతను తలచుకోలేని సిగ్గు. తప్పు చేసిన అక్కను తమ్ముడు ఒక్క మాట అనకుండా మళ్ళీ తన దగ్గరికి రమ్మన్నాడు, ఆమె పోలేదు.

శిష్యురాలు పని బాగా చేసింది. చంక కర్రలు మానిపించే ముందు బరువు తూచే యంత్రం మీద ఆ కాలు మోపించి, మొదటి వారం పది కిలోలు, తరువాత ఇరవై, ఆ తరువాత ఒంటి బరువులో సగం, ఇలా ముల్లు చూస్తూ నేర్పింది. తుంటికీ పిక్కకూ బలం తెప్పించింది. అరగంట చకచకా నడిచినా ఏమీ అనిపించని రోజులు వరుసగా రెండు వారాలు గడిచాకనే ఒక్క నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక మొదలుపెట్టించింది. ఇవన్నీ ఫోనులో గురువుగారికి ఎప్పటికప్పుడు విన్నవించేది.

‘‘మీ తమ్ముడుగారంత చక్కగా చెప్పే పేషెంటు నాకు ఇంతవరకు తగల్లేదు మేడమ్. నిన్న మెట్లు దిగుతుంటే రూపాయి బిళ్ళంత మేర, మూడు నిమిషాలు, మంటకీ సలుపుకీ మధ్యగా ఉందన్నారు. ప్రూఫు దిద్దినట్లు చెబుతారు.’’

‘‘అవునా’’ అన్నది ఆమె.

పద్నాలుగు నెలలకు అతడు మళ్ళీ ఐదు కిలోమీటర్లు పరుగెత్తాడు. ఆదివారాలు ఉదయం పార్కులో పరుగు ముగించుకొని అక్కగారింటికి రావడం అలవాటు చేసుకున్నాడు. టీ తాగుతాడు. ప్రెస్సుకు వచ్చిన కొత్త యంత్రం గురించి, ఎవరో రచయిత పుస్తకంలో దొర్లిన తప్పుల గురించి నవ్వించేలా చెబుతాడు. బావగారితో పేపరు పంచుకుంటాడు. కాలి సంగతి ఎత్తడు.

మొన్నటి ఆదివారం మెట్లెక్కి వస్తూంటే ఆమె తలుపు దగ్గరే ఉన్నది. ఎడమ మడమ నేలను తాకీ తాకకముందే లేస్తున్నది. తెలియనివారికి కనబడనంత తేడా.

‘‘కాలికేమైంది రా?’’

‘‘ఏం లేదే. బాగానే ఉంది.’’

‘‘చూడనీ.’’

‘‘అబ్బే, ఏమీ లేదక్కా. టీ పెట్టావా?’’

టీ తెచ్చి ఇచ్చింది. బావగారు బజారుకు పోయినందున ఇంట్లో ఇద్దరే ఉన్నారు. ఎన్నాళ్ళుగానో నోటిదాకా వచ్చి వెనక్కు పోతున్న మాట ఆవేళ బయటపడింది.

‘‘ఆనాడు నిన్ను ఇంకొకరి దగ్గరికి పొమ్మనకుండా ఉండాల్సింది రా. నేనే చూసి ఉండాల్సింది. భయపడ్డాను.’’

అతడు కప్పు కింద పెట్టి, అక్క ముఖం వంక చూశాడు. ఆ చూపులో కోపమేమీ లేదు. ఉంటే ఆమెకు తేలికగా ఉండేది.

‘‘ఇప్పుడెందుకక్కా అవన్నీ? ఆ అమ్మాయి బాగానే చూస్తోంది.’’

తరువాత, బావ రాగానే పేపరులో గళ్ళనుడికట్టు పూర్తిచేయొద్దని తన మాటగా చెప్పమని, బూట్ల తాళ్ళు బిగించుకొని వెళ్ళిపోయాడు.

మంగళవారం మధ్యాహ్నం శిష్యురాలి ఫోను వచ్చింది.

‘‘మేడమ్, మీ తమ్ముడుగారు పొద్దున్న వచ్చారు. ఎడమ మడమ వెనకాల...’’

‘‘ఉండమ్మా’’ అన్నది ఆమె. ‘‘ప్రమాదమేమైనా ఉందా? అది ఒక్కటే చెప్పు.’’

‘‘లేదు మేడమ్. మడమ నరం కొంచెం వాచింది. రెండు వారాలు పరుగు ఆపమన్నాను.’’

‘‘మంచి పని చేశావు. మిగతాది నాకు చెప్పకు.’’

‘‘ఏమైందండీ? మీకు తెలిస్తే మంచిదని...’’

‘‘వాడు నీకు చెప్పుకున్నాడు తల్లీ, నాకు కాదు. ఇక మీదట వాడి సంగతి వాడు చెబితేనే వింటాను.’’

ఫోను పెట్టి, లోపలి గదిలోకి వెళ్ళింది. బల్ల మీద మోకాలు ముడుచుకొని ఒక పెద్దావిడ ఎదురుచూస్తూ ఉన్నది. ఆమె చేతులు కడుక్కొని, తుడుచుకొని, ఎక్కడమ్మా అని అడిగింది.