కాయ కట్టని బదనికలు

మన్నెగూడలోని నా నర్సరీలో షేడ్ నెట్ కింద బదనికలు మళ్లీ పూశాయి. పొద్దున గేటు తీయగానే ఆ తీపి వాసన ముక్కుకు తగిలింది. కొనడానికి వచ్చినవాళ్లు ఎంత బాగుందో అంటారు. నాకు మాత్రం ఆ వాసన వెంటే రూతమ్మ టీచర్ గుర్తొస్తుంది.

ఇబ్రహీంపట్నం బడిలో ఆమె మాకు జీవశాస్త్రం చెప్పేది. వాళ్ల నాయన నాటువైద్యుడు. చెట్టుకొమ్మను పట్టుకుని, గాలిలోకి వేర్లు వదిలి బతికే ఈ బదనికే ఆయన కీళ్లనొప్పుల మందు. మొక్క చావకూడదని ఒక్కోదాని నుంచి ఒక్క వేరు మాత్రమే కోసేవాడట. ఆ పట్టుదలంతా కూతురికి వచ్చింది. నాకు చదువు అబ్బలేదు, మొక్కల పిచ్చి మాత్రం ఆమె అంటించిందే.

హైదరాబాద్ మా వైపు పరుగెత్తుకొస్తున్న రోజులవి. యాచారం దిక్కు భూములు పోతున్నాయని, గట్ల మీది చెట్లు కొట్టేస్తారని విని టీచర్ అప్పటికే నర్సరీ పెట్టుకున్న నా దగ్గరకు వచ్చింది. బదనికలున్న తొమ్మిది చెట్ల గుర్తులు రాసిన కాగితం చేతిలో పెట్టింది.

"చెట్టుకొక్కటే తీస్కరా యాదగిరి. ఒకటి ఎండకు ఓరుస్తది, ఒకటి తెగులుకు ఓరుస్తది. అన్నీ ఒక్క చెట్టువే తెస్తె ఫాయిదా లేదు. దాని పుప్పొడికి అదే కాయ కట్టదు."

"ఫికర్ చెయ్యకుర్రి టీచర్, నేను తెస్త గద" అన్నాను.

ఆ రోజే ఒక వెంచర్‌కు లాన్ గడ్డి దించాలి. ఫోన్ల మీద ఫోన్లు. మొదటి మామిడిచెట్టు మీదే పెద్ద గుబురు కనిపించింది. దాని పిలకలే తొమ్మిది కోసి, తొమ్మిది చెట్ల పేర్లతో ట్యాగులు కట్టేశాను. మిగతావి తర్వాత తెచ్చి మార్చేద్దాంలే అనుకున్నాను. ఆలస్యం అమృతం విషం అని మా చేత ఎన్నిసార్లు రాయించిందో ఆమె! నేను మళ్లీ వెళ్లేసరికి అక్కడ చెట్లూ లేవు, గట్లూ లేవు.

మూడేళ్లకు పూత వచ్చింది. టీచర్ స్టూలు మీద కూర్చుని, సన్నటి పుల్లతో ఒక మొక్క పుప్పొడి ఇంకోదానికి పెట్టింది. పూలన్నీ రాలిపోయాయి. మరుసటి ఏడూ అంతే.

"నా చెయ్యి వణుకుతున్నది గావచ్చురా" అంది.

నేను తల వంచుకుని కుండీలకు నీళ్లు పోశాను. అంతకన్నా నీచమైన పని నా బతుకులో చేయలేదు.

ఆమె దవాఖానలో పడ్డాక ఉండబట్టలేక అంతా చెప్పేశాను. ఆమె నావైపు తిరిగింది.

"అప్పుడే చెప్తే అయిపోతుండె గదరా. కొంగరకలాన్ ఊర్ల మా నాయన చూపెట్టిన ఇప్పచెట్టు మీద ఇంకొక బదనిక ఉండె. మన దగ్గర తొమ్మిది ఉన్నయి గదా అని దాని జోలికి పోలే. జర పోయి చూసిరా."

ఆమె చెప్పిన గుర్తులతో అప్పటికప్పుడే వెళ్లాను. ఇప్పచెట్టు లేదు. ఆ చోట ప్లాట్ల హద్దురాళ్లు పాతి ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి ఆమె కళ్లు తలుపు మీదే ఉన్నాయి. "ఉన్నదా?" అంది. ఉందంటే సంతోషంగా కళ్లు మూసేదేమో. నోటిదాకా వచ్చింది కూడా.

"లేదు టీచర్" అన్నాను.

ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. మళ్లీ నాతో మాట్లాడకుండానే రెండోనాడు పోయింది. ఇప్పుడు నర్సరీలో ఎవరికీ అబద్ధం చెప్పను. కానీ ఏ నిజం చెప్పినా, చెప్పాల్సిన వేళ దాటిపోయాకే చెబుతున్నట్టు ఉంటుంది.