కామెర్లు రాయని జవాబు

గోదావరిఖనిలో నేను పత్రికకు వార్తలు పంపే రోజుల్లో నాకు రెండు పనులుండేవి. ఒకటి ఊరందరికీ తెలుసు. రెండోది మా కాలనీకి మాత్రమే తెలుసు. చార్జిషీట్లకు జవాబులు రాసిపెట్టేవాణ్ణి.

గని కార్మికుడు చెప్పకుండా నాగాలు పెడితే కంపెనీ నుంచి ఓ కాగితం వస్తుంది. అదే చార్జిషీటు. డ్యూటీకి ఎందుకు రాలేదో గడువులోగా రాసివ్వాలి. ఆ తర్వాత ఇంటివాళ్ళను వెంటబెట్టుకుని అధికారి ముందు కూర్చోవాలి. దాన్ని కౌన్సెలింగ్ అంటారు. అక్కడా సంగతి తేలకపోతే ఉద్యోగం పోయినట్టే.

మా వైపు ఈ జవాబులన్నింటిలో ఒకటే రోగం ఉండేది. కామెర్లు. ఆ రోగాన్ని ఎంచుకోవడంలో తెలివి లేకపోలేదు. జ్వరమంటే రెండు రోజుల్లో తగ్గాలి. కాలు విరిగిందంటే కట్టు చూపించాలి. కామెర్లకైతే పసరు మందు చాలు, దవాఖాన చీటీ అక్కర్లేదు, పథ్యం పేరుతో నెల రోజులు ఇంట్లో ఉండొచ్చు. తాగి పడుకున్నా, చెల్లెలి పెళ్ళికి తిరిగినా, పొలం నాట్లకు ఊరికి పోయినా కాగితం మీద అందరూ పసుపు పచ్చగానే ఉండేవాళ్ళు. పేరు, నంబరు, తేదీ మారిస్తే సరిపోయేది. కలం ఎత్తకుండా రాసేవాణ్ణి. దాని గురించి కొంత గర్వం కూడా ఉండేది.

ప్రత్యేక రాష్ట్రం రావడానికి ఏడెనిమిదేళ్ళ ముందు, ఓ ఎండాకాలం పొద్దున, పక్క క్వార్టర్ ఆమె కాగితం పట్టుకుని వచ్చింది. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ణి. ఆ లెక్కన ఆమె భర్త నాకు బావ. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు, ఇనుప కమ్మీలు నిలబెట్టే పని అతనిది.

“అన్నా, జర కామెర్లు రాసియ్యి,” అంది, చక్కెర అప్పడిగినంత మామూలుగా.

బావ గోడ పక్కనే నిలబడి కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. పద్దెనిమిది నాగాలు; కాగితం వచ్చేదాకా చెల్లెకూ తెలియదు, ఎందుకో అతను చెప్పలేదు. అంతకుముందు ఏడాది తల్లి మంచాన పడ్డప్పుడు పెట్టిన నాగాలు కూడా కలిపి, ఇదే ఆఖరి అవకాశమని కాగితంలో ఉంది. పది నిమిషాల్లో జవాబు రాసిచ్చాను.

మా అరుగు మీద రోజూ పేపర్ చదవడానికి ఎదురింటి కాక వచ్చేవాడు. ముప్పై అయిదేళ్ళు గనిలో చేసి, షిఫ్టు పని చూసుకునే ఓవర్‌మన్‌గా రిటైరైన మనిషి. ఆయన పేపర్ పక్కన పెట్టి నా జవాబు అందుకుని చదివాడు.

“మంచిగ రాసినవ్,” అన్నాడు. “పోయిన నెల అవతలి లైనాయన కౌన్సెలింగ్‌కు పోతే సారు ఏమన్నడో ఎర్కేనా? ‘మీ కాలనీల కామెర్లు రానోడు ఎవడన్న ఉంటే తోల్కరాండ్రి, జర సూస్త’ అన్నడట.”

నేను పెద్దగా నవ్వాను. “తర్వాత?”

“తర్వాతేముంది? డిస్మిస్.”

నా నవ్వు ఆగిపోయింది. అవతలి వరస క్వార్టర్లలో ఉండే ఆ లైనాయన జవాబు రాసింది నేనే. అదే వాక్యాలు, అదే పసరు మందు. వార్తలో ఒక్క అక్షరం తప్పు పోతే పత్రిక డెస్కు నన్ను దులిపేసేది. ఇక్కడ ఒక మనిషి ఉద్యోగం పోయినా ఎవరూ నన్నేమీ అనలేదు. చెల్లె చేతిలోని కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేశాను.

“అయ్యో! ఏంది అన్నా గిట్ల చేస్తివి?” అంది చెల్లె.

“బావా, నువ్వు డ్యూటీకి ఎందుకు పోలేదు?” అని అడిగాను. అన్ని జవాబులు రాశాను గానీ ఈ ప్రశ్న ఎవర్నీ అడగలేదని అప్పుడే తట్టింది.

కాక బావకు తన పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకున్నాడు. బావ నేల వైపు చూస్తూనే మొదలుపెట్టాడు.

“సద్ది తినుకుంట కూసున్న కాకా. నీళ్ళకని లేసి పోయిన. గంతే. కూసున్నకాడ పైకప్పు కూలి పడ్డది. టిపిని డబ్బ రొట్టె లెక్క అయింది. ఎవలకు దెబ్బ తాకలే. అందరు నవ్విన్రు, ‘నీ సద్ది పోయింది పో’ అని. నేను గూడ నవ్విన.”

“మళ్ళ?” అన్నాడు కాక.

“తెల్లారి పోయి నెత్తి లాంపు తీసుకున్న. గని నోటి దాక పోయిన. కాళ్ళు రాలే. లాంపు వాపసిచ్చిన.”

ఆ తర్వాత పదిహేడు రోజులు అతను డ్యూటీ బట్టలతో ఇంట్లోంచి బయలుదేరి, షిఫ్టు అయ్యేదాకా గోదావరి ఒడ్డున కూర్చుని ఇంటికి వచ్చాడు. బట్టలు తెల్లగా ఉంటే అనుమానం వస్తుందని, రోడ్డు మీద లారీల నుంచి రాలిన బొగ్గు పొడి తీసి చొక్కాకు రుద్దుకునేవాడట.

చెల్లె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “అంటే నేను చేతులు నొయ్యంగ రోజు ఉతికింది దొంగ బొగ్గా?”

కాక నవ్వు ఆపుకోలేక దగ్గాడు. బావ కూడా నవ్వబోయి ఏడ్చేశాడు. చెల్లె తిట్టడం మానేసి అతని పక్కన కూర్చుంది.

“భయమని చెప్తే మనుషుల ముందర తలెత్తుకుంటనా కాకా? అన్‌ఫిట్ అని రాసి ఇంటికి తోలుతరు. కామెర్లే నయం.”

“ముప్పై అయిదేండ్లు దిగిన నేను,” అన్నాడు కాక. “భయం లేనోణ్ణి ఒక్కణ్ణి సూపియ్యి. భయమున్నోడే కట్టె తోని కప్పు కొట్టి సప్పుడు ఇంటడు. లేనోడు ఈల ఏసుకుంట పోతడు. నువ్వు భయపడుడు తప్పు కాదు, ఎవలకు చెప్పకుంట గోదారి కాడ కూసునుడు తప్పు.”

అప్పుడు మొదలైంది నా ఉత్సాహం! మంచి వార్త దొరికినట్టే ఉంది. కానీ ఇది పేపర్లో వేసే వార్త కాదు, ఒక్క మనిషి కోసం రాయాల్సింది. కలం తీసి మొదటి వాక్యం రాశాను: ‘మృత్యుముఖం నుంచి తృటిలో బయటపడిన నేను...’

“మృత్యుముఖం ఏడుంటది అన్నా?” అని అడిగింది చెల్లె, నిజంగానే.

“పేపర్ల రాసేది పేపర్ల రాయి,” అన్నాడు కాక. “పోరగాడు చెప్పిందే పెట్టు.”

రెండుసార్లు కొట్టేశాక ఇది మిగిలింది: ‘నేను కూర్చున్న చోట పైకప్పు కూలింది. నాకు దెబ్బ తగలలేదు. మర్నాడు గని దాకా వచ్చి దిగలేకపోయాను, ఆ తర్వాత రాలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, అది నా తప్పు. నాకు మళ్ళీ దిగాలని ఉంది. కొన్నాళ్ళు గనిపైన పని ఇచ్చి, తర్వాత తెలిసిన మనిషి పక్కన వేస్తే దిగుతాను.’

ఏం జరిగింది, నా తప్పెంత, నాకేం కావాలి. డెస్కులో నాకు నేర్పిన పద్ధతే అది, ఇన్నేళ్ళూ దాన్ని వార్తలకు మాత్రమే వాడుకున్నాను. ‘నాకేం కావాలి’ అన్నది కామెర్ల జవాబుల్లో ఒక్కదాంట్లోనూ లేదు. ‘దయతలచండి’ అని ఉండేది. దయ తలచి ఏం చెయ్యాలో అధికారే వెతుక్కోవాలన్నమాట.

కాగితం పంపేశాం. కౌన్సెలింగ్‌కు అయిదు రోజులుంది. అసలు కష్టం అప్పుడు తెలిసింది. బావకు ఆ ఆరు వాక్యాలు నోటితో చెప్పడం రాదు. మా దగ్గర కార్మికుడు ఆఫీసుకు ఒంటరిగా పోడు. సంఘం లీడర్ వెనక చేతులు కట్టుకుని నిలబడతాడు, లీడరే మాట్లాడతాడు. తన సంగతి తాను మాట్లాడాల్సిన అవసరం బావకు పదకొండేళ్ళ సర్వీసులో ఒక్కసారీ రాలేదు.

కాబట్టి సాయంత్రాలు మా అరుగే ఆఫీసైంది. కాక ప్లాస్టిక్ కుర్చీలో అధికారి. నా కళ్ళద్దాలు పెట్టుకుని ముక్కు మీదికి జార్చాడు. ఆ అయిదు సాయంత్రాల సందడి ఇప్పుడు తలచుకున్నా ఒంట్లో హుషారు పుడుతుంది. మొదటి రోజు నలుగురం, మూడో రోజుకు లైనంతా! సెకండ్ షిఫ్టు ఉన్నవాళ్ళు ‘అయ్యో, సూడలేకపోతిమి’ అని మర్నాడు పొద్దున వచ్చి ఏం జరిగిందో అడిగి పోయేవాళ్ళు.

“ఎందుకు రాలేదయ్యా?” అన్నాడు కాక, దొరగారి గొంతుతో.

“సార్, మా నాయిన గూడ గిదే కంపెనీల...”

“మీ నాయిన ముచ్చట ఎవలడిగిన్రు?” అని వెనక నుంచి ఓ అవ్వ అరిచింది. “నీ ముచ్చట చెప్పు బిడ్డా, నాకు నిద్రొస్తున్నది.”

మళ్ళీ మొదలు. ఈసారి నా వైపు చూశాడు.

“ఆయన మొకం ఏం సూస్తవ్? ఉద్యోగం ఆయనదా?” అన్నాడు కాక. మూడోసారి చేతులు కట్టుకున్నాడు. “చేతులు ఇడువు. కట్టుకుంటే గొంతు గూడ కట్టుకపోతది.” నాలుగోసారి గబగబా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

“బస్సు పోతున్నదా బావా?” అంది చెల్లె. “నిమ్మలంగ చెప్పు. ఒక మాట అయినంక ఇంకో మాట.”

నాలుగో సాయంత్రం అతను చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, కాక కళ్ళలోకి చూస్తూ, ఆరు వాక్యాలూ చెప్పాడు. చివరిది చెప్పి ఆగాడు. ఆగడం అన్నింటికంటే కష్టం. అది నాకిప్పటికీ సరిగ్గా రాదు. లైనంతా చప్పట్లు కొట్టింది.

కౌన్సెలింగ్ రోజు ఇంటి మనిషిగా నేనూ వెళ్ళాను. కలం, నోట్‌బుక్ ఇంట్లో పెట్టేశాను. పెద్ద హాలు, బెంచీల నిండా భార్యలు, తల్లులు, చంకన పిల్లలు. గుమ్మం దగ్గరే తెలిసిన లీడరొకాయన బావ భుజం మీద చెయ్యేశాడు.

“ఏం రాసినవ్‌రా? భయమనా? పాగల్ అయినవా? ఆడికి పోయి కామెర్లని చెప్పు, మిగిలింది నేను మాట్లాడత.”

బావ ముఖంలో పాత నీడ వచ్చింది. అంత సులువైన దారి ఎదురుగా ఉంటే ఎవరికైనా కాళ్ళు అటే లాగుతాయి.

“వద్దన్నా,” అంది చెల్లె, నవ్వుతూనే. “మా ఆయనకు నోరున్నది.”

మాకంటే ముందు ఇద్దరు వెళ్ళారు. ఇద్దరివీ కామెర్లే. అధికారి కాగితం పూర్తిగా చదవకుండానే పక్కన పెట్టేశాడు. తర్వాత బావ నంబరు పిలిచారు. అధికారి మా కాగితం ఒకసారి చదివి, మళ్ళీ పైకి వెళ్ళి ఇంకోసారి చదివాడు.

“ఇది నువ్వే చెప్పు,” అన్నాడు.

బావ చెప్పాడు. ఆరు వాక్యాలు, ఒక్కటీ ఎక్కువ కాదు. ఆగాడు. నేను బెంచీ అంచు పట్టుకున్నాను.

“సరే. మళ్ళీ దిగాక మళ్ళీ భయం వేస్తే? అప్పుడేం చేస్తావు?”

ఈ ప్రశ్న మా అరుగు మీద ఎవరూ అడగలేదు. కాకకు కూడా తట్టలేదు. ‘ఇక భయపడడు సార్’ అని నా నోటి దాకా వచ్చింది. చెల్లె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“అప్పుడేమైతదో నాకు ఎర్కలేదు సార్,” అన్నాడు బావ. “కని ఈసారి భయమైతే ఆ నిమిషమే మా పని సూసే సర్దార్‌కు చెప్త. చెప్పకుంట మాత్రం పోను.”

అధికారి కుర్చీలో వెనక్కి వాలాడు. నవ్వలేదు, తిట్టలేదు. “పైన పని ఇవ్వడం నా చేతిలో లేదు. మూడు వారాలు ఇవ్వమని మేనేజర్‌కు రాస్తాను. ఆ తర్వాత నువ్వు దిగకపోతే నేను చేయగలిగింది ఏమీ ఉండదు. అర్థమైందా?”

“అయింది సార్.”

బయటికి రాగానే చెల్లె అతని వీపు మీద ఒక్కటి చరిచింది. “ఎర్కలేదు అంటవా? నా పానం పోయింది!” అంటూనే పకపకా నవ్వింది. నేను రోడ్డు మీదే ఎగిరినంత పని చేశాను. ఆ రోజు నేర్చుకున్నదాన్ని తర్వాత ఎందరికో చెప్పాను: తెలియనిది తెలియదని చెప్పి, తెలియకపోయినా నువ్వేం చేస్తావో చెప్పు. పెద్దవాళ్ళు చాలామంది వినాలనుకునేది ఆ రెండో సగమే. అవతలి లైనాయన్ను కూడా వెతుక్కుంటూ వెళ్ళి తప్పు నాదని చెప్పాను. “నువ్వు రాసినవ్, కని సంతకం నాదే గద,” అన్నాడాయన. ఆయన ఉద్యోగం తిరిగి రాలేదు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ఎవరికీ అసలు సంగతి వినకుండా ఒక్క అక్షరం రాయలేదు. కొందరికి కోపం వచ్చి వేరేవాళ్ళ దగ్గరికి పోయారు.

మూడు వారాలు బావ గనిపైన సామాను మోసే పని చేశాడు. నాలుగో వారం సోమవారం, ఫస్ట్ షిఫ్టు. మేనేజర్ అతన్ని పాత జోడీదారు పక్కనే వేశాడు. కాకా నేనూ పొద్దున్నే గని దాకా వెళ్ళాం. బావ లాంపు కట్టుకుని మావైపు చూడకుండా వాలు దారిలోకి నడిచాడు. ఆ రోజు నేను ఒక్క వార్తా సరిగ్గా రాయలేదు. మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకు మళ్ళీ అక్కడే ఉన్నాను, చెల్లె నాకంటే ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది.

నల్లటి ముఖాల గుంపులోంచి అతను బయటికి వచ్చాడు. మేం అడగక ముందే, పది గజాల దూరం నుంచే చెప్పడం మొదలుపెట్టాడు.

“నడిమిట్ల ఒకపారి కాళ్ళు ఒణికినయ్. సర్దార్‌కు చెప్పిన. ‘కూసో, నీళ్ళు తాగు’ అన్నడు. కూసున్న. పావుగంటకు లేసి రెండు దుంగలు నిలబెట్టిన.”

“ఎవలన్న నవ్విన్రా?” అని అడిగింది చెల్లె.

“ఒకడు నవ్విండు. జోడీదారు వాణ్ణి తిట్టిండు.” ఇంటి దారి పట్టి నాలుగడుగులు వేశాక చెల్లె వైపు తిరిగాడు. “రేపు గూడ ఫస్ట్ షిఫ్టే. జల్ది లేపు.”